గండికోటలో చిన్నత్త ఏమనింది?

తోటకాడ, పులివెందుల
4-3-2025

పాపా సుప్రియా,

ఈడ మీ మామ బాగుండాడు, బర్రెలు బాగుండాయి, చీనీచెట్లు ఒకపక్క కాయతో, ఒకపక్క పూతతో ఉండాయి. బాగలేనిది మీ చిన్నత్త పరువు ఒకటే.

ఏంది, ఫోన్ చేయకుండా జాబు రాసింది అనుకుంటాండావేమో. ఫోన్ను నమ్మేది మానుకున్నా. ఫోన్లో నీ గొంతు వచ్చినా అది నువ్వేనని ఏం గ్యారంటీ? నీ చేతిరాత అయితే నాకు తెలుసు. మూడో తరగతిలో నేనే దిద్దించినా. 'ళ' రాసేటప్పుడు తోక పైకి ఎగరేస్తావు. నువ్వు గూడా జాబే రాయి.

జమ్మలమడుగులో మనోళ్ల పెండ్లికి పోయినాం గదా, నువ్వు పరీక్షలని రాలేదు. భోజనాలయినాక ఆడోళ్లమంతా ఆటోలు మాట్లాడుకొని గండికోట చూసేదానికి పోయినాం. మా అక్క ఓబుళమ్మ మోకాళ్లనొప్పులని రాలేదు. వచ్చినా ఆమెదొక ఆటో, నాదొక ఆటో. నీకు తెలిసిందే గదా. అక్కాచెల్లెండ్లం అన్నదమ్ములను చేసుకొని ఒకే ఇంటికి వస్తిమి. భాగాలు పంచుకున్నప్పుడు బోరు మా భాగంలోకి వచ్చింది. "నీ నీళ్లు ముట్టుకుంటే నేను ఓబుళమ్మనే కాదు" అని ఆమె ఒట్టు పెట్టుకునింది. ముట్టుకోమని నేను అడగలా. పన్నెండేండ్లాయ మాటల్లేక.

ఆమె కోడలు ప్రశాంతి మాత్రం మాతో గండికోటకు వచ్చింది. పులివెందుల బస్టాండుకాడ జిరాక్సు, నెట్ షాపు పెట్టుకొని ఉండాదే, ఆ పిల్ల. కొండ అంచుకాడికి పోయి కింద పెన్నేటిని చూసినా. ఏం లోతు పాపా అది! తల గిర్రున తిరిగింది. రాతిమీద కూలబడి నీళ్లు అడిగినా. జరిగింది అంతే.

మూడోదినానికి ఆ ప్రశాంతి బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టింది. దాంట్లో నేను ఏడుస్తా అంటాండా: "ఓబుళక్కా, తప్పు నాదేలే. బోరు ఇద్దరిదీ. వారానికి మూడు దినాలు నీ చెట్లకు నీళ్లు ఇడుస్తా. సామీ, నన్ను కిందికి మాత్రం పడేయాకు."

నేను అడిగింది తాగే నీళ్లు. ఆ పిల్ల దాన్ని ఇచ్చే నీళ్లు చేసింది! టీవీలో చూపిస్తాండారు గదా, డీప్ ఫేకో ఏందో, మన మూతి పెట్టి మనం అనని మాట అనిపించేది. అదే ఇది. పొద్దన్నుంచి సాయంత్రందాకా కంప్యూటరు ముందర కూర్చునేదానికి ఇదొక లెక్కనా? ఇప్పుడు ఊళ్లో ఎదురొచ్చినోళ్లంతా "ఎంత మంచి మనసు సుబ్బమ్మా" అని చేతులెత్తి మొక్కుతాండారు. నేను ఏ జవాబు చెప్పేది?

నువ్వు ప్రొద్దుటూరులో ఎంటెక్ చదువుతా ఇట్లాంటివి పట్టే మిషనే తయారు చేస్తాండావని మీ నాయన చెప్పినాడు. ఆ వీడియోను దాంట్లో వేసి అబద్ధమని తేల్చు.

ఇట్లు,
అనని మాట పడిన మీ చిన్నత్త
వెంకటసుబ్బమ్మ

తా.క. వీడియో మీ నాయన పంపుతాడు. నేను దాన్ని చేత్తో ముట్టను.


ప్రొద్దుటూరు
11-3-2025

చిన్నత్తకు,

నీ జాబు హాస్టల్లో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరిగి నాకు చేరింది. పోస్టులో ఉత్తరం రావడం మా వార్డెన్ మొదటిసారి చూసిందంట. ఇంట్లో ఎవరన్నా పోయినారేమో అని నా ముఖం చూస్తా నిలబడింది.

మిషను గురించి నువ్వు అనుకున్నట్లు ఇనుపదేమీ కాదు. కంప్యూటర్లోనే ఉంటుంది. ఈడ బంగారంగళ్లలో ఆచారులు నగను గీటురాయి మీద గీసి చూస్తారు చూడు. ఏండ్ల తరబడి నిఖార్సయింది, కల్తీది రెండూ గీసిగీసి వాళ్ల కంటికి తేడా తెలిసిపోతుంది. మేమూ అంతే. అసలు వీడియోలు, దొంగ వీడియోలు వేలకొద్దీ చూపించి, ఇది అసలు, ఇది దొంగ అని చెప్తాపోతాం. మా మోడల్ ఇప్పటికి యాభైవేల ముఖాలు చూసింది. అయినా ఇంకా కుదురు లేదు. ఒకరోజు చక్కగా చెప్తుంది, ఒకరోజు దాని ఇష్టం.

నాయన పంపిన వీడియో ఎంతోమంది చేతులు మారి వచ్చింది. వాట్సాప్ పంపిన ప్రతిసారీ బొమ్మను నలిపేస్తుంది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్లు. అట్లాంటి దానిమీద ఖాయంగా ఏమీ చెప్పలేం. ఇంకోటి, మోడల్‌కు నీ ముఖం కొత్త. నువ్వు మామూలుగా మాట్లాడే వీడియో ఒకటి పంపు. నువ్వు కండ్లు ఎట్ల ఆర్పుతావో, మాట్లాడేటప్పుడు మూతి ఎట్ల కదులుతుందో దానికి చూపించాల.

ప్రశాంతక్క అట్లాంటి పని చేస్తుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. తేలేదాకా ఎవరితో ఏమీ అనొద్దు చిన్నత్తా.

ఇంక ఉంటా, రేపు ల్యాబు,
సుప్రియ


తోటకాడ, పులివెందుల
17-3-2025

పాపా,

ఎవరితో ఏమీ అనొద్దని రాసినావు. నీ జాబు వచ్చేలోగా అందరితో అనేసినా. ఇప్పుడు అనొద్దంటే ఎట్ల?

నువ్వు రాసిన మోడల్ సంగతి నాకు నచ్చలా. మోడలంటే టీవీలో చీర కట్టుకొని అటూ ఇటూ నడిచే పిల్లలే గదా. నా మాట నిజమో అబద్ధమో చెప్పేదానికి ఆ పిల్ల ఎవరు? యాభైవేల ముఖాలు చూసింది, కుదురు లేదు అని నువ్వే రాసినావు. పెండ్లయిందా దానికి? అయినా పని మనది, మనం తగ్గాల. దానికని ఒక సంచి చీనీకాయలు బస్సులో పంపుతాండా. గాలికి రాలినవి కాదు, చెట్టుమీద కోసినవే. "మా అత్త పంపింది" అని చెప్పి ఇయ్యి. మంచిగా చెప్తాదిలే.

వీడియో తీయించుకునేదానికి పులివెందులలో వసీం సెల్ షాపుకు పోయినా. పెండ్లినాటి పట్టుచీర కట్టుకొని, పౌడరు పూసుకొని, పూలు పెట్టుకొని పోయినా. వసీం మర్యాదస్తుడు. కుర్చీ వేసి, ఫ్యాను నా దిక్కు తిప్పి, "మాట్లాడుమా" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచక మన తోట గురించి, గేదె ఈనిన సంగతి, మీ మామ మొండితనం, అన్నీ చెప్పినా. షాపుకొచ్చినోళ్లు గూడా నిలబడి విన్నారు. చిన్న పెన్‌డ్రైవులో వేసిచ్చినాడు. చీనీకాయల సంచిలో అడుగున ఉంది, చూసుకో.

ఇన్నేండ్లు పారిన బాయి ఈ ఏడు ఎండిపోయి ఓబుళమ్మ తోటలో చెట్లు ఆకు ముడుస్తాండాయి. నేను చూడలా. మీ మామ చెప్పినాడు. గట్టుకాడ నాలుగో వరసలో రెండు చెట్లకు పిందె గూడా రాలిపోయింది. అదీ నేను చూడలా.

దీవెనలతో,
చిన్నత్త


ప్రొద్దుటూరు
24-3-2025

చిన్నత్తకు,

మోడలంటే ఆడపిల్ల కాదు! కంప్యూటర్లో మేము రాసుకునే లెక్కకు ఆ పేరు. దానికి పెండ్లి లేదు, నోరు లేదు, చీనీకాయలు తినదు. మా ల్యాబులో ఉండే ఆరుమందిమి తిన్నాం. శానా తీపి ఉన్నాయి.

ఇప్పుడు చెప్పబోయేది కోపం తెచ్చుకోకుండా చదువు.

గండికోట వీడియోకు, నలిగిపోయిన దానికే, నూటికి డెబ్బయ్యొక్క పాళ్లు నిజం అని వచ్చింది. నువ్వు పట్టుచీరలో తీయించుకున్న దానికి నూటికి ఎనభైనాలుగు పాళ్లు ఫేక్ అని వచ్చింది.

మా సార్ పక్కనే ఉన్నాడు. "ఏమ్మా, మీ అత్తను తలకిందులు చేసిందే నీ మోడల్" అని నవ్వినాడు. నాకు తల కొట్టేసినట్లయింది. వచ్చేనెల రివ్యూలో ఇదే చూపించాల నేను. రెండు దినాలు తిండి సయించలా. మూడోదినం నీ వీడియోను ఒక్కొక్క బొమ్మగా విడదీసి చూస్తే సంగతి బయటపడింది. వసీం ఫోన్లో అందం పెంచే ఫిల్టర్ పెట్టి ఉన్నాడు. నీ ముఖంమీద ఒక్క ముడత లేదు. చెంపలు సున్నం కొట్టిన గోడ మాదిరి ఉన్నాయి. గడ్డంమీద పుట్టుమచ్చ మాయం. కంప్యూటరు దిద్దిన ముఖమని మోడల్ పట్టేసింది. అది చెప్పింది తప్పు కాదు.

నలిగిన వీడియోతో ఇంక లాభం లేదని ప్రశాంతక్కకు ఫోన్ చేసినా. ఆమె ఫోన్లో ఉండే అసలుది కావాలని అడిగినా. ఒక్క మాట ఎదురు అడగకుండా పంపింది. దాన్ని పరీక్షకు పెట్టి రాస్తా.

సుప్రియ


తోటకాడ
28-3-2025

సుప్రియకు,

నేను ఫేకా?

నీ జాబు మీ మామకు చదివి వినిపించినా. ఎనభైనాలుగు పాళ్లు ఫేక్ అనేకాడికి వచ్చేసరికి ఆయప్ప పడిపడి నవ్వినాడు. దగ్గు పట్టుకొని పీట మీదనుంచి లేచిపోయినాడు. దూడ గూడా బెదిరింది. వసీంను పోయి అడిగితే, "అందరూ అట్లే తీయమంటారుమా, నిన్ను అడగకుండానే తీసేసినా, మాఫ్ చేయి" అన్నాడు. సరే వదిలేసినా. బొమ్మ బాగుండాది ఎట్లయినా.

కానీ నువ్వు ప్రశాంతికి ఫోన్ చేసేదేంది? దొంగను పిలిచి తాళంచెవి అడిగినట్లు! ఆ పిల్ల పంపింది గూడా ఇంకో దొంగదే అయ్యుంటుంది.

ఏప్రిల్ ఏడో తేదీ, శ్రీరామనవమి మరుసటి దినం, పొద్దున పాలకేంద్రంకాడ పెద్దమనుషులను కూర్చోబెడతాండా. వాళ్ల ముందర ఓబుళమ్మ, ప్రశాంతి, నేను. ఆలోగా నువ్వు కాలేజీ కవరులో సంతకం పెట్టి రిపోర్టు పంపాల. ఫేక్ అని ఒక్క మాట రాస్తే చాలు. ముఖాలు, మూతులు అని పొడుగ్గా రాయాకు.

ప్రశాంతి షాపుకు జనం తగ్గిరంట. ఆ పిల్లకాడికి పోతే సర్టిఫికెట్లు గూడా దొంగవి ఇస్తాదని ఎవరో పుట్టించినారు. నేను అనలా. నేను వీడియో గురించి మాత్రమే అన్నా. నిన్న బస్సు దిగి చూస్తే ఒక్కతే కూర్చొని కీబోర్డు తుడుచుకుంటాండాది.

నిన్ను ఎత్తుకొని పెంచిన చేతులు ఇవి. గుర్తు పెట్టుకో.

చిన్నత్త


ప్రొద్దుటూరు
3-4-2025

చిన్నత్తకు,

ఈ జాబును ఒక్కదానివే కూర్చొని చదువు.

అసలు వీడియోకు నూటికి తొంభైయేడు పాళ్లు నిజం అని వచ్చింది. నా మోడల్ నూరింటిలో ఆరు తప్పు చెప్తుంది, కాబట్టి దాని మాట ఒక్కటే నేను నమ్మలా. చేత్తో చూసినా. మూతికి దొంగమాట అతికించినప్పుడు 'ప', 'బ', 'మ' అనేకాడ పెదవులు సరిగ్గా మూసుకోవు. నువ్వు 'బోరు' అన్నప్పుడు, 'మూడు' అన్నప్పుడు పెదవులు శుభ్రంగా మూసుకున్నాయి. ఎండ ఏ దిక్కున ఉందో నీడ ఆ పక్కనే ఉంది. గాలికి కొంగు ముఖంమీద పడి లేచినా చెంప అంచు ఎక్కడా చెదరలేదు.

ఇవేవీ లేకపోయినా చెప్పొచ్చు చిన్నత్తా. గ్రూపులో పెట్టింది నలభై ఎనిమిది సెకండ్ల ముక్క. ప్రశాంతక్క నాకు పంపిన అసలుది రెండు నిమిషాలకు పైనుంది. ఆమె కొండను తీస్తా ఉంటే నువ్వు ఆమె చెయ్యి పట్టుకొని కూలబడినావు. ఆమె ఒక చేత్తో నీ తల నిమురుతాంది, ఫోన్ ఇంకో చేతిలో ఆడుతానే ఉంది. నువ్వు నీళ్ల మాట అన్నావు. నీళ్లు తాగినావు. తేరుకున్నావు. కడాకు ఇట్ల అన్నావు: "ఫోన్ ఆపినావా లేదా? ఇప్పుడు నేను అన్నది ఊళ్లో ఎవరికన్నా చెప్పినావంటే చూడు."

వినేసరికి నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ప్రశాంతక్కకు మళ్లీ ఫోన్ చేసినా. "ఈ కడా ముక్క చూపిస్తే నీ మీద నింద ఒక్క నిమిషంలో పోతుంది గదా, ఎందుకు చూపించలేదు అక్కా?" అని అడిగినా. "నీళ్ల మాట గ్రూపులో పెట్టడమే నా తప్పు సుప్రియా. చిన్నత్తమ్మ మాట విని మా అత్త కరుగుతుందేమో, చెట్లు బతుకుతాయేమో అనుకున్నా. ఇంక ఈ ముక్క గూడా పెడితే చిన్నత్తమ్మ ఊళ్లో తలెత్తుకోలేదు. నా షాపు ఈ పొద్దు కాకపోతే రేపు నడుస్తుందిలే" అనింది.

నేను ఫేక్ అని రాసియ్యలేను. రాయమంటే నిజమనే రాస్తా. అందుకే ఏమీ రాసియ్యలా. ఏం చేస్తావో నీ ఇష్టం. నువ్వు ఎత్తుకొని పెంచినావని మరిచిపోలేదు. అందుకే ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ కోడలు
సుప్రియ


తోటకాడ, పులివెందుల
14-4-2025

పాపా సుప్రియా,

ఒక్కదానివే కూర్చొని చదువమని రాసినావు. ఆ మాట కవరు పైన రాసుండాల్సింది.

నీ జాబు సోమవారం పొద్దున పాలకేంద్రంకాడ జనం అంతా కూడినాక వచ్చింది. పోస్టుమాన్ నన్ను వెతుక్కుంటా ఆడికే తెచ్చిచ్చినాడు. కవరుమీద కాలేజీ పేరు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇదో, రిపోర్టు!" అని గాల్లో ఊపినా. నేను చదివితే కల్పించినా అంటారని, "అందరికీ వినబడేటట్లు చదువు" అని మీ మామ చేతికి ఇచ్చినా.

మీ మామ ఆదినారాయణ సంగతి నీకు తెలుసు. అరిచి మాట్లాడినది పుట్టి ఎరగడు. కవరు చించి లోపల్లోపలే చదువుతాండాడు. పెదవులు కదులుతాండాయి, గొంతు రాలా. కాగితం తిప్పినాడు. నా దిక్కు ఒకసారి చూసినాడు. మళ్లా కాగితం చూసినాడు. నాలుగు మడతలు పెట్టి, "కండ్లద్దాలు తేలేదు" అన్నాడు.

కండ్లద్దాలు ముక్కుమీద ఉండాయి పాపా! ముప్పైనాలుగేండ్ల కాపురంలో ఆయప్ప నా కోసం ఆడిన మొదటి అబద్ధం. అదీ ఆడలేకపాయ. జనం గొల్లుమన్నారు. నేను గుంజుకొని చదివినా.

మొదట నీ మీద కోపం వచ్చింది. మూతులు, పెదవులు అని వద్దన్నవే రాసినావు గదా. ప్రశాంతి మాటకాడికి వచ్చేసరికి కాగితంమీద అక్షరాలు అలుక్కుపోయినాయి. ఆ పిల్ల పాలక్యాన్ల పక్కన నిలబడుంది. షాపు తాళాలు చేతిలో ఉన్నాయి. తీస్తే ఎవరొస్తారని, తీయకుండానే వచ్చింది.

"ఏముంది సుబ్బమ్మా దాంట్లో?" అని పెద్దాయన అడిగినాడు. ఇంకా పరీక్ష కాలేదంట, నెల పడుతుందంట అని చెప్పేదానికి నోరు తెరిచినా. మాట నాలుకమీదికి వచ్చింది గూడా. ఆ పిల్ల నన్నే చూస్తాంది. నింద మళ్లా తన మీదే వేస్తానేమో అని బెదురు చూపు కాదు. నాకేమవుతుందో అని చూస్తాండాది.

"ఆ వీడియోలో ఉండేది నేనే" అన్నా. "మాట నాదే. కంప్యూటరుకు ఏ సంబంధం లేదు. ఈ పిల్ల ఏ తప్పూ చేయలేదు. అబద్ధం ఆడింది నేను."

అప్పుడు ఓబుళమ్మ లేచింది. నాతో మాట్లాడదు గదా, పెద్దాయన దిక్కు తిరిగి, "ఇది గూడా ఫేకేమో చూడండప్పా. మా చెల్లెలు తప్పు ఒప్పుకునే మనిషి కాదు" అనింది.

అందరూ నవ్విరి. ఆమె నవ్వలా. నిజంగానే అనింది పాపా! ఆమె గూడా ఆ వీడియోను ఒక్క దినమూ నమ్మలేదంట. నీళ్ల కోసం కోడలే కల్పించిందని, మన పరువు తీసినావని, నెలంతా ఇంట్లో తిడతానే ఉండిందంట. ఈ ఇంట్లో నేను తిడితిని, ఆ ఇంట్లో ఆమె తిట్టె. ఇద్దరి మధ్యన ఆ పిల్ల. క్యాన్లకాడ కింద కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలా. పోయి పక్కన కూర్చున్నా. "ఆ కడా ముక్క గూడా ఊరంతటికీ చూపించు, నాకేం కాదు" అన్నా. "నా ఫోన్లో తుడిపేసినా చిన్నత్తమ్మా" అనింది.

మరుసటి దినం షాపుకాడికి పోయి బయట స్టూలు వేసుకొని కూర్చున్నా. బస్సు దిగినోళ్లందరినీ పేరుపెట్టి పిలిచి లోపలికి తోలినా. పనిలేనోళ్లను గూడా తోలినా. మీ మామ ఆధార్ కార్డు ఇరవై జిరాక్సులు తీయించినా. "ఇన్ని ఎందుకు చిన్నత్తమ్మా" అని ప్రశాంతి మొత్తుకుంటాండాది. వసీం తన షాపు గిరాకీని గూడా అటే పంపినాడు.

ఎందుకు అబద్ధం ఆడినావని నువ్వు అడగలా. అడగకపోయినా చెప్తా. ఆ కొండమీద అన్నది మనసులో ఉండే మాటే. పన్నెండేండ్లుగా ఉండేదే. నేనే పోయి ఇద్దామనుకున్నా, ఎప్పుడో ఒకప్పుడు, నా అంతట నేను. నేను ఇయ్యకముందే ఊరంతా ఇచ్చేసినావని మొక్కబట్టిరి. అది ఓర్చుకోలేకపోయినా. ఆ కచ్చలో చెట్లు ఎండేది చూస్తా కూర్చున్నా. చూడలేదని రాసినా గదా, దినమ్మూ చూసినా.

బుధవారం పొద్దున మీ మామ, నేను పైపు ఆమె గట్టుదాకా లాగినాం. ఒట్టు ఉంది గదా, ముట్టుకుంటుందో లేదో అని గట్టుకాడే నిలబడి చూస్తాండా. అంతలో ప్రశాంతి వచ్చి, "మా అత్త చెప్పమంటాంది. బోరు ఇద్దరిదీ అని నువ్వే ఒప్పుకున్నావంట, కాబట్టి అవి నీ నీళ్లు కావంట" అనింది. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకొని మోటరు వేసినా.

నీళ్లు కాలవలో పడి పోతాండాయి. ఎండిన నేల బుడబుడ తాగుతాండాది. ఓబుళమ్మ పారతో అవతల గట్టుమీద నిలబడింది. ఒక పాదు నిండింది, రెండో పాదు నిండింది. ఆమె నా దిక్కు చూడదు, నేను ఆమె దిక్కు చూడను. నాలుగో వరసకు వచ్చేసరికి మడవకాడ మట్టి తెగి నీళ్లు పక్కకు మళ్లిపోయినాయి. ఆమె తట్టుకోలేకపోయింది.

"కండ్లు యాడ పెట్టుకున్నావే సుబ్బీ, ఆ మూలచెట్టుకు అందలా, మడవ సరిగ్గా తిప్పు!" అని అరిచింది.

పన్నెండేండ్ల తర్వాత మా అక్క నాతో అనిన మొదటి మాట అది పాపా. పలికితే ఏడుస్తానని తెలుసు. చీర ఎగదోపుకొని కాలవలోకి దిగి మడవ తిప్పినా.

ఇట్లు,
మీ చిన్నత్త